పేరు లేని గిన్నె

జనగామ,
3 ఫిబ్రవరి 1969

యాదమ్మక్కకు తమ్ముడు సాంసన్ వందనాలు.

నేనూ రేణుకా ఇక్కడ చల్లగా ఉన్నామని రాయాలి గాని, రేణుక వారం రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. కారణం ఒక పెట్టె. పోయిన నెల మానుకోటలో కట్టెల అడితి వెనక, పాత సామాను కుప్పలో కనబడింది. నల్లబడిన టేకు పెట్టె. లోపల ఎర్రటి మఖమల్ గుడ్డ, ఆ గుడ్డలో గిన్నెలు కూర్చోవడానికి ఎనిమిది గుంటలు. మూత మీద ఇత్తడి రేకులో మన ఊరి దొర ఇంటిపేరు. దొర గడిలోని పెట్టె అక్కా అది. మన పెద్దక్క చిలుకక్క కడిగిన చీనీ గిన్నెల పెట్టె. భుజాన వేసుకుని రైలెక్కించి తెచ్చాను. రేణుక గడపలోనే ఆపి, "శవపెట్టె లెక్కున్నది, ఏడ పెడతవ్ దీన్ని?" అన్నది. మంచం కింద పెట్టాను.

మా దవాఖానలో పనిచేసిన డాక్టర్ మిస్సమ్మకు చీనీ సామాను పిచ్చి ఉండేదని నీకు చెప్పాను కదా. తన దేశం వెళ్లిపోతూ వాటి గురించిన పుస్తకం ఒకటి నాకిచ్చింది. మందుసీసాల చీటీలు చదివేవాడివి, ఇక గిన్నెల అడుగులు చదువుకో అని నవ్వింది. పుస్తకం నిండా రాజముద్రలే. చీనా దేశంలో గిన్నె చేసినవాడు తన పేరు వేసుకోడట. ఏ రాజు ఏలుబడిలో చేశాడో ఆ రాజు పేరు అడుగున నీలిరంగుతో రాస్తాడు. రెండు నీలి వలయాలు, వాటి లోపల ఆరు అక్షరాలు, మూడేసి చొప్పున రెండు వరుసలు. కుడి వరుస పై నుంచి కిందికి చదివి, ఆ తరువాత ఎడమ వరుస చదవాలి. మిషను బడిలో రెండేళ్లు ఉర్దూ పలక పట్టినవాణ్ణి కాబట్టి కుడి నుంచి మొదలుపెట్టడం నాకు కష్టం కాలేదు.

ఇప్పటికి మూడు గిన్నెలు దొరికాయి. సంఘం పోరాటం రోజుల్లో జనం గడిలోకి చొరబడి సామాను పంచుకున్నారు కదా, అవి ఇంకా ఆ చుట్టుపక్కల ఇళ్లలోనే ఉన్నాయి. ఒకదాంట్లో కోళ్లకు నీళ్లు పెడుతున్నారు. ఒకదాంట్లో తాంబూలం సున్నం. మూడింటి మీదా నీలి చేపలు, మూడింటి అడుగునా ఒకటే ముద్ర. పెట్టెలో పెడితే అతికినట్టు కూర్చున్నాయి.

ఇదంతా దేనికని తిడతావని తెలుసు. చిలుకక్క ఒక గిన్నె దొంగిలించి పారిపోయిందని గడివాళ్లు చాటారు. మనల్ని కన్న అవ్వ ఆ మాట చచ్చేదాకా మోసింది. ఎనిమిదో గిన్నె ఎవరింట్లో ఉందో తెలిస్తే అక్క దొంగ కాదని తేలుతుంది. ఆమె ఏమైందో కూడా తేలవచ్చు. అప్పుడు నాకు ఐదేళ్లు. ఆమె ముఖం నాకు గుర్తు లేదు, అది నన్ను బాధపెడుతుంది. ఆ ముఖం తెలిసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

బైబిల్ స్త్రీగా ఊరూరూ తిరుగుతావు, అందరి వంటిళ్లలో కూర్చుని వాక్యం చెబుతావు. నీలి చేపల గిన్నె కనబడితే తిరగేసి చూడు.

ఇక్కడ కాలేజీ పిల్లలు ప్రత్యేక తెలంగాణ అంటూ రోజూ ఊరేగింపు తీస్తున్నారు. లాఠీ దెబ్బలకు కట్లు కట్టీ కట్టీ మా దవాఖానలో టించర్ అయిపోయింది.

నీ తమ్ముడు,
సాంసన్


భూపాలపల్లి,
21 ఫిబ్రవరి 1969

తమ్ముడు సాంసన్‌కు ప్రభువు శాంతినీ, దానితోపాటు కొంచెం బుద్ధినీ ప్రసాదించుగాక.

రేణుక తప్పేమీ లేదు. నేనే ఆ ఇంటి కోడలినైతే పెట్టెను మంచం కింద కాదు, నిన్ను పెట్టెలో పెట్టేదాన్ని. నువ్వు పంపిన దగ్గు మందు వేపరసం కన్నా చేదుగా ఉంది, కానీ పనిచేసింది. మొన్న కోతులు వచ్చి నా కీర్తనల పుస్తకం ఎత్తుకుపోయాయి. సగం చదివి, నచ్చలేదు కాబోలు, చింతచెట్టు కింద పడేశాయి.

ఇటువైపు చీనీ గిన్నెలు లేవు. ఇక్కడివాళ్లవి సొరకాయ బుర్రలు, మట్టి చిప్పలు. వెతకమన్నావు కాబట్టి చెబుతున్నాను, మళ్లీ అడగకు.

గడివాళ్లకు చీనీ ఎందుకో నీకు తెలియదు. అది వాళ్లు తినడానికి కాదు. తాలూక్‌దారు సాబులు, ఇంగ్లీషు దొరలు వస్తే మాంసం వడ్డించడానికి. ఇత్తడినైతే చింతపండుతో తోమి శుద్ధి చేసుకోవచ్చు, చీనీకి పట్టిన అంటు పోదని దొరసాని నమ్మకం. అందుకని గడి ఆడవాళ్లెవరూ దాన్ని ముట్టేవారు కాదు. దాన్ని కడగడానికి మన వాడ పిల్ల కావలసి వచ్చింది. గడప తొక్కనివ్వని పిల్ల చేతిలో ఇంట్లోకెల్లా విలువైన సామాను పెట్టారు. చిలుకక్క గడివాళ్లు తాగని పెరటి బావి గట్టు మీద కూర్చుని జల్లించిన బూడిదతో తోమి, రాతిపలక మీద బోర్లించి ఆరబెట్టేది. నేనూ వెంట పోయి పక్కన కూర్చునేదాన్ని. నాకు ఎనిమిదేళ్లు, ఆమెకు పదమూడు. పని చేస్తూ సన్నగా ఏదో పాడుకునేది, నన్ను మాత్రం పాడనిచ్చేది కాదు, గడివాళ్లు వింటారని.

నాకు తెలిసింది ఇంతే. మిగిలింది అందరూ విన్నట్టే నేనూ విన్నాను. ఇరవై నాలుగేళ్ల సంగతి తవ్వితే ఆమె తిరిగి రాదు. నువ్వు ఎంత తిరిగినా ఏడు దొరుకుతాయేమో గాని ఎనిమిదోది దొరకదు. ఆ తిరుగుడేదో మానుకుని రేణుకను ఒకసారి వాళ్ల పుట్టింటికి తీసుకుపో.

నీ అక్క,
యాదమ్మ


జనగామ,
24 మార్చి 1969

అక్కకు వందనాలు.

నీ మీద సంతోషం పెద్దది, కోపం చిన్నది. ముందు కోపం చెప్పేస్తాను. మానుకోట దాకా వచ్చి జనగామ రాకుండా ఎట్లా పోయావు? రేణుక నీకోసం మామిడికాయ తొక్కు దాచింది.

పోయిన ఆదివారం మానుకోట అవతల ఒక తండాకు పోయాను. సీతాబాయి అనే ఆమె ఇంట్లో రెండు గిన్నెలున్నాయని విన్నాను. నేను అడగకముందే ఆమె రెండూ తెచ్చి చేతిలో పెట్టింది. "మీ అక్క మొన్ననే వచ్చిపోయింది సారూ. గిన్నెలు అడుక్కొని బూడిదతోటి తోమింది, పలక మీద బోర్లిచ్చింది. మా తమ్ముడొస్తడు, ఇయ్యిండ్రి అన్నది. బువ్వ తినుమంటే తినలే. బట్టలు తడిసి ఉన్నయ్, ఏడ వాన పడ్డదో ఏమో" అన్నది. మీ అక్క అన్న ప్రతిసారీ సీతాబాయి నవ్వు ఆపుకుంటున్నది. నువ్వు ఆమెతో ఏం వేళాకోళం ఆడావో. వాగు దాటి పోయి ఉంటావు, తడి బట్టలతో తిరగకు.

వెతకనని రాసి, నాకన్నా ముందే పోయి, కడిగి మరీ సిద్ధం చేసి పెట్టావు. నోటితో కాదని చేత్తో చేసేదానివి, నాకు తెలియనిదా.

ఇప్పుడు ఐదయ్యాయి. ముద్ర సంగతి ఒకటి తేలింది, రాయకుండా ఉండలేను. ఐదింటి అడుగునా చెంగ్‌హువా అనే రాజు పేరే ఉంది. అయితే పుస్తకం ప్రకారం ఈ నీలిరంగు, ఈ చేపల తీరు ఆ రాజు కాలానివి కావు. ఆయన చచ్చిపోయిన రెండు వందల ఏళ్లకు చేసినవి. మోసం అనుకున్నాను, కాదట. కాంగ్‌షీ అనే రాజు ఏలుతున్నప్పుడు కుమ్మర్ల ఊరి అధికారి ఒక ఉత్తరువు ఇచ్చాడు. గిన్నె మీద బతికున్న రాజు పేరు రాయకూడదు. గిన్నె అన్నాక పగులుతుంది, పెంకులు పెంటకుప్పలో పడతాయి, ఆ పేరును జనం కాళ్లతో తొక్కుతారు. అందుకని కొందరు ఎప్పుడో చచ్చిపోయిన రాజు పేరు రాశారు. కొందరు వలయాలు మాత్రం గీసి లోపల ఖాళీగా వదిలేశారు. చచ్చినవాళ్ల పేరు రాయడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఈసారి వచ్చినప్పుడు నేరుగా ఇంటికి రా.

నీ తమ్ముడు,
సాంసన్


భూపాలపల్లి,
9 ఏప్రిల్ 1969

సాంసన్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివి అక్కడే కూర్చుండిపోయాను.

నేను మానుకోట రాలేదు. క్రిస్మస్ తరువాత రేగొండ దాటి అడుగు పెట్టలేదు. రోజు విడిచి రోజు బందు, బస్సులు లేవు, నా ఎడమ మోకాలు గుమ్మడికాయంత వాచింది. సీతాబాయి ఎవరో, ఆ తండా ఏ దిక్కున ఉందో నాకు తెలియదు.

చిన్నప్పటి నుంచీ నీకొక అలవాటుంది. తెలిసిన సంగతిని తెలియనట్టు అడిగి ఎదుటివాళ్ల నోటితో రప్పిస్తావు. అవ్వ బెల్లం దాచినప్పుడు, "అవ్వా, గీ చీమలు ఏడికి పోతున్నయే?" అని అడిగేవాడివి. ఇప్పుడూ అదే చేస్తున్నావు. బూడిద, పలక, బోర్లించడం, ఇవన్నీ నేను నీకు రాసిన మాటలే. వాటినే తీసుకుపోయి ఆ తండా ఆమె నోట్లో పెట్టి నా మీదికి తిప్పి పంపావు.

నన్ను ఏదైనా అడగాలనుకుంటే ముక్కుసూటిగా అడుగు. తడి బట్టల ఆడమనిషిని నా మీదికి తోలకు. ఇక్కడ ఒంటరిగా ఉంటున్నాను, నాకు భయమేస్తుంది.

ఒక మాట చెప్పు. ఎనిమిదోది దొరికిందే అనుకో, అది ఎవరింట్లో దొరికితే వాళ్లను ఏం చేస్తావు?

యాదమ్మ


జనగామ,
6 మే 1969

అక్కా,

అబద్ధాలకోరు అని నన్ను ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. నువ్వు అన్నావు. నీ ఉత్తరం మూడు వారాలు తిరిగి తిరిగి వచ్చింది, వచ్చి ఇంత పని చేసింది.

మొన్న సైకిల్ మీద స్టేషన్ ఘన్‌పూర్ పోయాను. ప్రభాకర్ అని రైల్వే గ్యాంగ్‌మన్, వాళ్ల ఇంట్లో ఆరో గిన్నె ఉందని విన్నాను. అతను లేడు, అతని భార్య ఉంది. "మీ అక్క ఇప్పుడే కడిగి పెట్టిపోయింది, పట్టుకపోండ్రి" అన్నది. గిన్నె పలక మీద బోర్లించి ఉంది. నీలి వలయాల మీద నీళ్లు ఇంకా ఆరలేదు. నిన్ను పట్టుకుందామని స్టేషన్‌కు ఉరికాను. ఆ రోజు రైళ్లు లేవు. పిల్లలు పట్టాల మీద బైఠాయించారు. మిట్టమధ్యాహ్నం ప్లాట్‌ఫారం చివర దాకా నడిచాను, ఎవరూ లేరు. సిమెంటు బల్ల ఒకటి మాత్రం తడిగా ఉంది. ఎందుకు నా నుంచి దాక్కుంటున్నావు?

సాయిలు గుర్తున్నాడా, గడి గుమ్మం కాచేవాడు. మానుకోటలో కూతురింట్లో ఉన్నాడు, చూపు పోయింది. గిన్నెలు ఎనిమిది ఉండేవన్నాడు. "ఏడింటికి పేరుండె. ఒకదానికి గీతలున్నయ్, పేరు లేకుండె" అన్నాడు. మిస్సమ్మ పుస్తకంలోని ఖాళీ వలయాల గిన్నె అన్నమాట. చూపులేని ముసలాయన పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు. ఇంకేదో చెప్పబోయి, "ఇయ్యాల వద్దు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ముక్కుసూటిగా అడగమన్నావు, అడుగుతున్నాను. ఏడు దొరుకుతాయేమో గాని ఎనిమిదోది దొరకదని ఫిబ్రవరిలో రాశావు. ఎందుకలా రాశావు?

సాంసన్


భూపాలపల్లి,
1 జూన్ 1969

తమ్ముడా,

నీకు అంతా తెలుసని నాకు తెలుసు. సాయిలు చెప్పి ఉంటాడు, లేకపోతే నువ్వే ఊహించి ఉంటావు. అందుకే ఎవరినో పురమాయించి నాకు దగ్గరగా, ఇంకా దగ్గరగా పంపుతున్నావు. ఇక పంపకు. నేనే చెబుతున్నాను.

ఎనిమిదో గిన్నె నా దగ్గరుంది. నా బియ్యం కుండ అడుగున ఉంది.

ఆ మధ్యాహ్నం చిలుకక్క గిన్నెలు కడిగి పలక మీద బోర్లించింది. గడిలో ప్రతి ఇత్తడి బిందె మీదా, ప్రతి చెంబు మీదా దొర పేరు కొట్టించి ఉండేది. పేరు ఉన్నదల్లా దొరది, ముట్టొద్దు అని అక్క నాకు ముందే నేర్పింది. బోర్లించిన గిన్నెల మీద కూడా ఏవో రాతలున్నాయి. అవీ దొర పేరే అనుకున్నాను. ఒక్కదాని మీద మాత్రం రెండు గీతలే, లోపల ఏమీ లేదు. "అక్కా, దీనికి పేరు లేదు, గిది ఎవలది?" అని అడిగాను. చేద లాగుతూ, "ఎవలదో" అన్నది. నిజంగానే ఎవరిదీ కాదనుకున్నాను సాంసన్. ఎవరిదీ కానిదాన్ని తీసుకుంటే తప్పేముంది? కొంగులో చుట్టుకుని ఇంటికి పోయి గడ్డివాములో దూర్చాను. అంత నున్నటి వస్తువు మన ఇంట్లో ఎప్పుడూ లేదు. రేపు అక్కకు చూపించి సంబరపెడదామనుకున్నాను.

ఆ రేపు రాలేదు. పొద్దున గడివాళ్లు వచ్చి, చిలుక గిన్నె ఎత్తుకుని పారిపోయిందన్నారు. అవ్వ గుండెలు బాదుకుంటుంటే నేను గడ్డివాము వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నోరు తెరవలేదు. ఆ తరువాత ఏ రోజూ తెరవలేకపోయాను. గిన్నెను మిషను బడికి తెచ్చాను, ట్రంకుపెట్టెలో దాచాను, ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మోశాను. ఒక్కసారి కూడా అందులో తినలేదు. పదేళ్లుగా ఊరూరా పది ఆజ్ఞలు నేర్పుతున్నాను. దొంగతనం గురించిన ఎనిమిదోదాని దగ్గర నాకు ప్రతిసారీ దగ్గు వస్తుంది. నువ్వు పంపిన మందు ఆ దగ్గుకు పనిచేయదు.

నాకు ఒక్కటే తెలియాలి. గిన్నె తీసింది నేనని చిలుకక్కకు తెలుసా? ఇరవై నాలుగేళ్లుగా పొద్దున లేవగానే నన్ను నేను అడుగుతున్నది ఇదే. సాయిలుకు ఏమైనా తెలిస్తే కనుక్కుని రాయి. అబద్ధం మాత్రం రాయకు.

యాదమ్మ


జనగామ,
4 జూన్ 1969

అక్కా,

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. ముందుగా క్షమాపణ. ఆ ఇళ్లకు వచ్చింది నువ్వు కాదు. ఇప్పుడు నాకు తెలిసింది.

నిన్న ఓపీలో రేగొండ నుంచి గోవర్ధన్ అనే రైతు వచ్చాడు. జ్వరానికి మందు ఇస్తుంటే నా పేరు అడిగి, సంచిలోంచి గుడ్డలో చుట్టిన గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు. ఏడోది. చెంగ్‌హువా ముద్ర. "మీ అక్క ఇమ్మన్నది. జనగామ దవాఖానల మా తమ్ముడున్నడు అని చెప్పింది" అన్నాడు. సీతాబాయి నవ్వు గుర్తొచ్చింది. ఎవరినీ అడగని ప్రశ్న అతన్ని అడిగాను. ఆమెకు ఎంత వయసుంటుందని.

"పదమూడో, పద్నాలుగో. గింత పిల్ల నీకు అక్క అంటే మా ఇంటిది పడి పడి నవ్వింది. ఆ పిల్ల నవ్వలే. జుట్టుకెల్లి నీళ్లు కారుతనే ఉన్నయ్."

చేతిలో మందు కొలిచే గ్లాసు వదిలేశాను. అది పగిలింది. ఎటు పోయిందని అడిగాను. ఇంకొక్క గిన్నె కడిగేది ఉందని చెప్పి భూపాలపల్లి బాట పట్టిందన్నాడు.

ఏడు గిన్నెలూ పెట్టెలో పెట్టాను. ఎనిమిదో గుంట వైపు చూడలేక మూత వేశాను. రేణుక పెట్టెకు దండం పెట్టి వాళ్ల అన్న ఇంటికి పోయింది.

నీ ఇంట్లో ఏముందో నాకు తెలియదు. ఏమున్నా భయపడకు. ఎవరింట్లో దొరికితే వాళ్లను ఏం చేస్తావని అడిగావు కదా. ఏమీ చేయను. ఉద్యోగుల సమ్మె మొదలవుతుందంటున్నారు, బండ్లు కదిలితే నేనే వస్తాను.

సాంసన్


జనగామ,
29 జూన్ 1969

నా అక్కకు,

నువ్వు ఒకటో తారీకున రాసిన ఉత్తరం ఐదు రోజుల కింద చేరింది. నాది నీకు చేరిందో లేదో. నీకు తెలిసినట్టు నాకేమీ తెలియదు. ఎవరినీ పురమాయించలేదు. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను, నీ మీద కోపంతో కాదు. అంత చిన్న వయసులో అంత బరువు ఎత్తుకుని ఎవరికీ చెప్పకుండా ఇంత దూరం నడిచావే అని.

ఆ మరునాడు పొద్దున్నే బయలుదేరి, కొంత నడిచి, ఎడ్లబండ్లు, ఒక బొగ్గు లారీ పట్టుకుని మానుకోట పోయి సాయిలును కలిశాను. నీ ప్రశ్న అడిగాను. అబద్ధం రాయొద్దన్నావు, అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"సాయంత్రం గిన్నెలు లెక్క పెడితే ఏడే ఉన్నయ్. పిల్లను గుంజకు కట్టేసి కొట్టిండ్రు. నాకెరుక లేదు, నాకెరుక లేదు అన్నది. దొర, వాడకు పోయి ఇల్లిల్లు సోదా చెయ్యిండ్రి అన్నడు. గా మాట ఇనంగనే పిల్ల, నేనే పగలగొట్టిన దొరా, పెంకులు బావిల ఏసిన అన్నది. ఏస్తే దిగి తియ్యమన్నరు. నడుముకు తాడు కట్టి దించినం. ఆ తాడు పట్టినోళ్లల్ల నేనొకణ్ణి. జరసేపటికి తాడు ఊరికెనే పైకొచ్చింది. తెల్లారి, పారిపోయిందని చెప్పుమన్నరు, చెప్పినం. ఇప్పుడు నాకు కండ్లు లేవు గాని ఆ తాడు మాత్రం కనబడతనే ఉన్నది."

ఆమెకు తెలుసు అక్కా. పలక మీద ఎన్ని బోర్లించిందో ఆమెకన్నా ఎవరికి తెలుస్తుంది? పక్కన కూర్చున్నది నువ్వు. పేరు లేదని అడిగింది నువ్వు. ఇల్లిల్లూ వెతికితే గడ్డివాములో ఏది దొరుకుతుందో, అప్పుడు గుంజకు ఎవరిని కడతారో ఆమెకు అర్థమైంది. అందుకే లేని పెంకుల కోసం బావిలోకి దిగింది.

నిన్ను ఊరడించడానికి రాయడం లేదు, నమ్మి రాస్తున్నాను. నువ్వు ఎనిమిదేళ్ల పిల్లవు. తాడు కట్టింది నువ్వు కాదు, దించమన్నది నువ్వు కాదు. చిలుకక్క నిన్ను కాపాడింది. నువ్వు ఇన్నేళ్లూ నిన్ను దొంగ అనుకుంటూ బతికితే ఆమె చేసిన పనికి అర్థం ఉండదు. ఆ గిన్నె నాకు పంపు, లేదా నేను వచ్చి తెచ్చుకుంటాను. ఎనిమిదీ ఒక్కచోట చేరితే ఆమె తిరుగుడు ఆగుతుందేమో.

నీ తమ్ముడు,
సాంసన్


భూపాలపల్లి,
14 జూలై 1969

ప్రియమైన సాంసన్‌కు,

నీ రెండు ఉత్తరాలూ ఒక్కరోజే వచ్చాయి. టపా జవాను ఐదు వారాల కట్ట ఒకేసారి తెచ్చాడు. నాలుగో తారీకుది ముందు విప్పాను. పదమూడో, పద్నాలుగో అన్న దగ్గర చదవడం ఆపి, ప్రార్థన చేసుకుని, రెండోది విప్పాను. చదివాక గొంతెత్తి ఏడ్చాను. పక్కింటివాళ్లు ఎవరు పోయారని అడగడానికి వచ్చారు. మా అక్క పోయిందన్నాను. ఎప్పుడు అన్నారు. ఇరవై నాలుగేళ్లయింది, ఇప్పుడే తెలిసిందన్నాను.

ఇది పదో తారీకు మాట. ఆ మరునాడు పొద్దున వాడలో బాలింతను చూసి, ఎండ ఎక్కాక ఇంటికి వచ్చాను. తాళం వేసినట్టే ఉంది. లోపల బియ్యం కుండ మూత తీసి పక్కన పెట్టి ఉంది, ఒక్క గింజ కూడా కింద పడలేదు. నేను నీళ్లబిందె పెట్టుకునే పలక మీద గిన్నె బోర్లించి ఉంది. కడిగి ఉంది. చేపల మీద నుంచి నీళ్లు పలక మీదికి జారుతున్నాయి. మట్టినేల మీద చిన్న తడి అడుగులు పొయ్యి దాకా వెళ్లి, పొయ్యిలోని బూడిద దగ్గర ఆగాయి.

గిన్నె అడుగున ఎప్పుడూ ఖాళీగా ఉండే ఆ రెండు నీలి వలయాల మధ్య ఒక వేలిముద్ర ఉంది. బూడిదతో వేసింది. రాయడం రాని మనవాళ్లు కాగితం మీద వేసే ముద్ర లాంటిదే, ఎడమ బొటనవేలిది. నా వేలు పక్కన పెట్టి చూశాను. నాదానిలో సగం కూడా లేదు.

మొదట భయపడ్డాను, దాచడం దేనికి. తరువాత ఆ పలక పక్కనే, ఆనాడు బావి గట్టు మీద కూర్చున్నట్టు, మోకాలు నొప్పిని కూడా మరచిపోయి చాలాసేపు కూర్చున్నాను. నాకు కోపం కనబడలేదు సాంసన్. కోపమైతే గిన్నె పగిలి ఉండేది. గిది ఎవలది అని నేను అడిగాను కదా, పని తొందరలో అప్పుడు సరిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పిపోయింది.

ఈ గిన్నె నీకు పంపను. నువ్వు వచ్చి అడిగినా ఇవ్వను. ఆ ఏడింటినీ నీ పెట్టెలో ఉంచుకో, అవి ఆ చెంగ్‌హువా రాజువి. ఇది రాజుది కాదు, దొరదీ కాదు, నాదీ కాదు. చచ్చినవాళ్ల పేరు రాయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదని నువ్వే రాశావు.

నిన్న మధ్యాహ్నం జొన్న గటక కాచి, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ గిన్నెలో పోశాను. అవ్వ రోజూ కుండ అడుగున అక్క కోసం ఒక గరిటె మిగిల్చేది, నీకు గుర్తుందో లేదో. గిన్నెను పలక మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి, వాడలోకి పోయాను. ఈసారి ఆజ్ఞలు నేర్పుతుంటే దగ్గు రాలేదు.

పొద్దు వాలకముందే తిరిగి వచ్చాను. గిన్నె ఖాళీ చేసి, కడిగి, బోర్లించి ఉంది. వేలిముద్ర చెదరలేదు.

నీ చిన్నక్క,
యాదమ్మ